నలుపు తెలుపు సినిమాలో నీలం చొక్కా

“హీరో చొక్కా ఏ రంగు?” అని అడిగారు సూపరింటెండెంటు గారు.

బట్టల కొట్టు వెనక వరండాలో కూర్చుని ఉన్నాం. అడిగినాయన మ్యాపులు గీసే ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు. జవాబు చెప్పవలసినాయన అదే కార్యాలయంలో ఆయన కింద పనిచేసే డ్రాఫ్ట్స్‌మన్. ఆయనకు చూపు తగ్గిపోతోందని పైఅధికారికి అనుమానం. కాదని నిరూపించుకోవడానికి డ్రాఫ్ట్స్‌మన్ తానే ఈ పరీక్ష కోరుకున్నారు. ఆ ఉదయం అందరం కలిసి చూసిన సినిమాలోంచి ఏదైనా అడగవచ్చు, తెరమీద ఏం కనిపించిందో ఆయన చెప్పాలి. చెప్పగలిగితే ఆఫీసులో కాగితం కదలదు. చెప్పలేకపోతే ఆయన్ని వైద్య పరీక్షకు పంపుతారు, దాంతో ఉద్యోగం పోతుందని ఆయన భయం.

“నీలం అండి,” అన్నారాయన. తడుముకోలేదు.

మేమెవ్వరం మాట్లాడలేదు. ఆ ఉదయం మేం చూసిన సినిమా నలుపు తెలుపుది. మొదటి రీలు నుంచి చివరి రీలు దాకా అందులో నీలం లేదు, ఎరుపు లేదు, ఏ రంగూ లేదు.

ఆ మౌనం ఎందుకో ఆయనకు తెలియలేదు. “నీలమే కదండీ? లేత నీలం,” అని మళ్ళీ అన్నారు, మా ఒక్కొక్కరి వైపు తల తిప్పుతూ. గుమ్మంలో నిలబడి ఉన్న ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు పుదుచ్చేరి అంటున్నారు గానీ అప్పట్లో మాకది పాండిచ్చేరే. డెబ్బయ్యో దశకం చివర ఒక తెలుగు దినపత్రిక నన్ను అక్కడికి విలేకరిగా పంపింది. తెలుగు వార్తలు పెద్దగా ఉండేవి కావు. యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగులు, చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, తరాలుగా బజార్లో కొట్లు పెట్టుకున్న వర్తకులు ఉండేవాళ్ళు. వీళ్ళందరూ ఒక్కచోట కనిపించేది ఆదివారం పొద్దున. ఊళ్ళో ఒక థియేటరు వాళ్ళు ఆదివారం మార్నింగ్ షో మాత్రం తెలుగు సినిమా వేసేవాళ్ళు. మిగతా వారమంతా తమిళమే. మద్రాసు నుంచి ప్రింటు రేకు డబ్బాల్లో బస్సు మీద వచ్చేది. ఆంధ్ర అంతా తిరిగి తిరిగి, గీతలు పడి, అతుకులు వేయించుకుని మా దాకా వచ్చేది. అయినా హాలు నిండేది. వారానికి ఒక్కసారి మన భాష పెద్ద గొంతుతో వినిపిస్తుందంటే ఎలా ఉంటుందో పరాయి ఊళ్ళో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

సినిమా అయ్యాక కొందరం బట్టల వర్తకుడి కొట్టు వెనక చేరేవాళ్ళం. ఆయన తాత ముత్తాతల నాడే వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ ఆయనకు తెలుగు చదవడం రాదు. “టైటిల్లో ఎవురి పేరు పడిండాది సార్, మీరు చదివి చెప్తేనే మాకు తెలిసేది,” అనేవాడు నాతో. ఆయన తల్లిని అందరం అవ్వా అని పిలిచేవాళ్ళం. ఏ సినిమా వచ్చినా ముందు వరసలో కూర్చుని చూసేది. ఇంటికొచ్చి ఉడికించిన శనగలు, కాఫీ అందరికీ ఇచ్చి తనూ మాతోపాటు తీర్పు చెప్పేది.

తీర్పు చెప్పడానికి మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఆ వర్తకుడి పూర్వీకులు వేరుశనగ బేరాలు చేసినవాళ్ళు. పాతకాలపు బేరగాళ్ళు నలుగురిలో ధర పైకి చెప్పకుండా, భుజం మీది తువాలు పరిచి దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని తేల్చుకునేవాళ్ళట. మార్కులు వెయ్యడానికి అవ్వ అదే పట్టుకొచ్చింది. పైకి చెబితే సూపరింటెండెంటు గారు ఎంత వేస్తే మిగతావాళ్ళూ అంతే వేస్తున్నారని ఆమె ఫిర్యాదు. అప్పటి నుంచి ఒక మనిషి తువాలు కప్పుకుని కూర్చునేవాడు. ఒక్కొక్కరం వెళ్ళి తువాలు కింద చేతులు పెట్టి, పదికి ఎన్ని మార్కులో అన్ని వేళ్ళు ఆయన చేతికి అందించేవాళ్ళం. సినిమాకు వేరే, నటనకు వేరే. అందరూ అయ్యాక ఆయన మొత్తం చెప్పేవాడు. ఏడాది చివర ఉత్తమ నటుడు, ఉత్తమ నటి, చిన్న వేషాల్లో ఉత్తములు అని మా సొంత బహుమతులు. బహుమతి అంటే ఒక పట్టు కండువా కొని కొట్టులో గాజు బీరువాలో పెట్టడం. పుచ్చుకునేవాళ్ళు ఎలాగూ రారు.

తువాలు కప్పుకునే ఆ మనిషి డ్రాఫ్ట్స్‌మన్ గారు. ఆయన్ని జడ్జిగారు అనేవాళ్ళం. యానాం మనిషి. కాగితం ముట్టకుండా ఏడాది మార్కులన్నీ తలలో పెట్టుకునేవారు. ఎవరితో ఎంత వాదించినా “అండి” వదిలేవారు కాదు.

ఒక ఏడాది ఆంధ్ర ప్రభుత్వం వాళ్ళ సినిమా బహుమతులు రేడియోలో చెప్పారు. ఆ ఆదివారం వరండాలో జరిగిన గొడవ నాకు బాగా గుర్తుంది.

“ఇదేం బహుమతయ్యా? ఆ సినిమాలో ఆయన చేసిందల్లా మంచమ్మీద పడుకుని దగ్గడం. దగ్గుకు బహుమతి ఇచ్చే పక్షంలో మా ఆఫీసు అటెండరుకు ఎప్పుడో రావాలి,” అన్నారు సూపరింటెండెంటు గారు.

“దగ్గేది కూడా ఒక వేలై కదా సార్,” అన్నాడు వర్తకుడు. వాళ్ళ తెలుగులో పనిని కూడా తమిళంలోనే అంటారు. “మా పక్క కొట్టాయన నిజంగానే దగ్గతాడు, చూస్తే నవ్వొస్తాది. ఈయప్ప దగ్గితే ఏడుపొచ్చె.”

“నీకొచ్చిందిరా ఏడుపు. నాకు రాలే,” అంది అవ్వ. “ఏడ్చేవాళ్ళకంతా నేను మార్కు ఇయ్యను. ఏడుపు వస్తా ఉంటే మింగుతాడు చూడు, వాడికిస్తా.”

“మా అమ్మ కాడ మార్కు తీసుకునేదాని కన్నా కలెక్టరు ఉద్యోగం తీసుకునేది సులభం.”

అప్పుడు జడ్జిగారు అన్నారు: “గొంతు చూడాలండి, గొంతు. మొహానికి రంగు పూస్తారు, విగ్గు పెడతారు. గొంతుకి ఏం పూస్తారు చెప్పండి? ఆయన ఆ దగ్గులో కొడుకు పేరు రెండుసార్లు మింగేశాడు. అదండి నటనంటే.”

“అయితే ఇంట్లో రేడియో పెట్టుకుని కూర్చోవయ్యా. టిక్కెట్టు దేనికి?” అన్నారు సూపరింటెండెంటు గారు. జడ్జిగారూ మాతోపాటు నవ్వారు.

ఆయన ఎప్పుడూ భార్యతో కలిసే సినిమాకు వచ్చేవారు. నడవా పక్క సీట్లో ఆయన, పక్కన ఆవిడ. సినిమా నడుస్తున్నంతసేపూ వాళ్ళ వైపు నుంచి సన్నగా గుసగుసలు వినిపించేవి. ఆవిడకు కథ అర్థం కాక ఆయన చెబుతున్నారని అందరం అనుకునేవాళ్ళం. సినిమా హాలును వర్తకుడు కొట్టాయి అనేవాడు. “ఏందక్కా, కొట్టాయిలో కతంతా అన్న చేతే చెప్పించుకుంటారే, మీకేమి కండ్లు లేవా?” అని ఆట పట్టించేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేది. చెప్పేది ఆవిడ, వినేది ఆయన అని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఒక ఆదివారం ఆవిడకు జ్వరం. ఆయన ఒక్కరే వచ్చారు. ఆ రోజు సినిమాలో ఒక తండ్రి, చనిపోయిన కొడుకు పక్కన రాత్రంతా కూర్చుని మాట్లాడుతూ ఉంటాడు. ఆ సన్నివేశాన్ని మొదటి నుంచి చివరి దాకా వెనక నుంచే తీశారు. నూనె దీపం వెలుతుర్లో ఆ నటుడి వీపు తప్ప ఏమీ కనిపించదు. నచ్చినవాళ్ళూ నచ్చనివాళ్ళూ ఆ వీపు గురించే మాట్లాడుకుంటూ బయటికి వచ్చారు. ఆ సినిమా సంభాషణలు అంతకు ముందే ఒక ఆదివారం రేడియోలో గంటసేపు వేశారు. జడ్జిగారు అది విని ఉన్నారు.

వరండాలో ఆయన మామూలు కంటే ఉత్సాహంగా ఉన్నారు. “ఈ ఏడాదికి ఇక వేరే నటుణ్ణి చూడక్కర్లేదండి. ఆ కళ్ళు చూశారా? నీళ్ళు నిండిపోయాయి, ఒక్క చుక్క కింద పడనిచ్చాడా? అవ్వా, ఇది నీ లెక్క. ఏడుపు మింగడమంటే అదీ!”

“ఏ కళ్ళు?” అన్నారు సూపరింటెండెంటు గారు.

“కొడుకు పక్కన కూర్చున్నప్పుడండి.”

“అక్కడ మొహం ఎక్కడ చూపించారయ్యా? వీపే కదా?”

ఆయన తువాలు సర్దుకుంటూ, “అంతకు ముందు సీనండి, నేననేది,” అన్నారు.

“అన్న తెర ఎనకాల కూర్చోని చూసినాడు సార్! మనకు వీపు, అన్నకు మొగం!” అన్నాడు వర్తకుడు. అందరం పడీపడీ నవ్వాం. సూపరింటెండెంటు గారు నవ్వలేదు. అవ్వ తువాలు కింద చెయ్యి పెట్టి మార్కులు ఇచ్చి, చెయ్యి తీసుకోబోతే జడ్జిగారు వదల్లేదు. “ఏంది నాయనా, చెయ్యి ఇట్ల చల్లగా ఉండాది?” అని అడిగింది. ఆయన చెయ్యి వదిలి మొత్తం చెప్పారు. ఆ మొత్తం మాత్రం తప్పలేదు.

సూపరింటెండెంటు గారు ఎందుకు నవ్వలేదో తర్వాత తెలిసింది. అరియాంకుప్పం వైపు పొలాల మ్యాపు ఒకటి ఆ మధ్య కోర్టు నుంచి వెనక్కి వచ్చింది. రెండు పొలాల మధ్య గీత ఉండవలసిన చోట లేదు. ఆ గీత ఎవరి చేతిదో అప్పటికింకా తేలలేదు. ఆ మ్యాపు మీద ఇద్దరు పనిచేశారు, వాళ్ళలో జడ్జిగారు ఒకరు. వానాకాలంలో ఆయన తరచూ సెలవు పెడతారని, సాయంత్రం దీపాలు వేసే వేళకు ఏదో ఒక వంకతో బల్ల వదిలేస్తారని ఆఫీసులో ఎవరో అన్నారు. అప్పటి దాకా పట్టించుకోని మాటలన్నీ ఆ ఆదివారంతో ఒక్కచోటికి వచ్చాయి. మర్నాడు ఆయన్ని గదిలోకి పిలిచి, “కళ్ళ పరీక్షకు పంపమని పైకి రాస్తున్నాను. నువ్వే దరఖాస్తు పెట్టుకుంటే ఇంకా మంచిది,” అన్నారు.

ఆ సాయంత్రం జడ్జిగారి భార్య అవ్వ దగ్గరికి వచ్చింది. నేను వర్తకుడితో మాట్లాడుతూ కొట్టులోనే ఉన్నాను. ఆవిడ నిలబడే అంతా చెప్పేసింది. ఆయనకు చీకట్లో ఏమీ కనబడదు. చిన్నప్పటి నుంచీ రేచీకటి. ఈ నాలుగైదేళ్ళలో పగటి చూపు కూడా చుట్టూ మూసుకుంటూ వచ్చి, గొట్టంలోంచి చూస్తున్నట్టు మధ్యలో కాస్త మిగిలింది. ఆ మధ్యలో ఉన్నది మాత్రం శుభ్రంగా ఉంది. కిటికీ పక్కన ఎండ వెలుతుర్లో వెంట్రుక లాంటి గీత గీస్తారు. మబ్బు పడితే గియ్యలేరు, అందుకే సెలవులు. ఆయన తండ్రికీ ఇదే వచ్చింది. యానాంలో ఇంటి ముందు కూర్చుని, వీధిలో అడుగుల చప్పుడు విని మనుషుల్ని పిలుస్తూ ఆయన బతుకు వెళ్ళదీశాడు.

“నన్ను నాన్నగారిలా కూర్చోబెట్టకు అంటున్నారండీ. ఎప్పుడూ అదే మాట. ఆ మధ్య మూలకుళంలో ఎవరో ఆకుపసరు పోస్తారంటే పోయించుకున్నారు. కళ్ళు ఎర్రగా వాచి రెండ్రోజులు ఆ ఉన్న చూపు కూడా లేదు. మా అబ్బాయి ఇంకా హైస్కూల్లోనే ఉన్నాడు. ఉద్యోగం పోతే మేం ఏవైపోతామో నాకు తెలవట్లేదమ్మా,” అంది.

అవ్వ ఆవిణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. కొడుకు వైపు తిరిగి, “రిక్షా పిలుచుకోని రా,” అంది.

సూపరింటెండెంటు గారు మూలకుళంలోనే అద్దె ఇంట్లో ఉండేవారు. అవ్వ, జడ్జిగారి భార్య రిక్షాలో, నేనూ వర్తకుడూ సైకిళ్ళ మీద వెళ్ళాం. ఆయన మమ్మల్ని చూడగానే విషయం గ్రహించారు. కుర్చీలు వేయించారు.

“సారూ, మీరూ మేమూ ఒక కుటుంబం మాదిరి ఉండాము,” అని మొదలుపెట్టింది అవ్వ. “పడం చూసి ఏందో ఒక మాట అనినాడు, దానికి ఉద్యోగం తీసేస్తారా?” సినిమాను వాళ్ళు పడం అనేవాళ్ళు.

“అమ్మా, నేను సినిమా చూసి రాయడం లేదు. అరియాంకుప్పంలో ఇద్దరు అన్నదమ్ములు ఆ గీత మీద కోర్టుకెక్కారు. గీత ఇంత పక్కకు జరిగితే ఒకడి బావి ఇంకొకడి పొలంలోకి పోయింది. రేపు వాళ్ళు తలకాయలు పగలగొట్టుకుంటే జవాబు ఎవరు చెప్పాలి?”

“ఆ గీత ఆయన గీసిందేనాండీ?” అని అడిగింది జడ్జిగారి భార్య.

“తెలియదమ్మా. అందుకే పరీక్ష.”

“ఆయన పగలు పనిచేస్తారండీ. పగలు కనబడుతుందండీ. మీరు చీకట్లో ఆయన అన్న మాట పట్టుకుని...” సూపరింటెండెంటు గారు నేల చూస్తూ కూర్చున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. చివరికి, “పది రోజులు ఆపుతాను. అంతకంటే నా చేతుల్లో లేదు,” అన్నారు.

ఆ పది రోజుల్లో దరఖాస్తు పెట్టుకుని పరీక్షకు వెళ్ళి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. మేమందరం అదే చెప్పాం. జడ్జిగారు వినలేదు. ఆస్పత్రి అన్న మాట వింటేనే ఆయనకు తండ్రి కనిపించేవాడు. ఆయన మర్నాడే ఆఫీసులో పైఅధికారి బల్ల ముందు నిలబడి, “మీకు అనుమానం వచ్చింది సినిమా దగ్గర కదండీ. సినిమా దగ్గరే తేల్చండి. వచ్చే ఆదివారం మీ పక్కన కూర్చుంటాను. మా ఆవిణ్ణి దూరంగా కూర్చోబెట్టండి. వరండాలో అందరి ముందూ తెరమీద ఏం కనబడిందో అడగండి. తప్పు చెబితే నేనే దరఖాస్తు రాసిస్తాను,” అన్నారట. దానికి సూపరింటెండెంటు గారు ఎందుకు ఒప్పుకున్నారో అప్పట్లో నాకు అంతుపట్టలేదు. ఆయనకూ ఆ కాగితం పైకి పంపడం ఇష్టం లేదనీ, పంపకుండా ఉండడానికి ఏదో ఒక ఆధారం దొరుకుతుందని ఆశపడ్డారనీ ఇప్పుడనిపిస్తుంది.

జడ్జిగారి ధైర్యానికి కారణం ఉంది. అది ఆయన భార్య నాకు చాలా తర్వాత చెప్పింది. వచ్చే ఆదివారం సినిమా పోస్టరు అప్పటికే గోడల మీద పడింది. కొత్త రంగుల సినిమా. అదే సినిమా మద్రాసులో ఒక థియేటర్లో ఆడుతోంది. శుక్రవారం ఇద్దరూ బస్సెక్కి మద్రాసు వెళ్ళారు. శుక్ర, శని రెండు రోజులూ వరసగా అదే సినిమా చూశారు. ఆవిడ చెవిలో చెబుతూనే ఉంది. ఎవరు ఎటు నుంచి వచ్చారు, ఎవరు కూర్చున్నారు, ఎవరి చేతిలో ఏముంది. చుట్టుపక్కల వాళ్ళు విసుక్కుంటే సీట్లు మారారు. తిరుగు ప్రయాణంలో బస్సులో పరీక్ష పెట్టింది.

“రెండో పాటలో?”

“నీలం చొక్కా, తెల్ల ప్యాంటు. పడవ మీద.”

“పడవ ఎవరు తొక్కుతారు?”

“పడవ తొక్కరే, నడుపుతారు. ముసలాయన, తలపాగా.”

“తలపాగా రంగు?”

“నువ్వు చెప్పలేదు.”

“చెప్పానండీ! ఎరుపు. రెండుసార్లు చెప్పాను.” అని అక్కడే, నిండు బస్సులో ఆవిడకు ఏడుపొచ్చింది. “ఎరుపే, ఎరుపే, గుర్తుపెట్టుకుంటాను, ఊరుకో,” అని ఆయన సముదాయించారట. దిండివనం దాటి ఊరు చేరేసరికి ఒక్క తప్పూ లేకుండా సినిమా అంతా చెప్పారట.

ఆదివారం పొద్దున థియేటరు దగ్గర ఆయన తెల్లటి ఇస్త్రీ బట్టల్లో కనిపించారు. ఒకవైపు సూపరింటెండెంటు గారు, ఇంకొకవైపు నేను, మధ్యలో ఆయన. ఆయన భార్యను అవ్వ తన పక్కన ముందు వరసలో కూర్చోబెట్టుకుంది. దీపాలు ఆర్పారు. మద్రాసు నుంచి ఒక డబ్బాకు బదులు ఇంకొకటి వచ్చిందని, అందువల్ల వేరే సినిమా వేస్తున్నామని తెరమీద ఒక స్లయిడు వేశారు. స్లయిడు కదా, చదువుకునేవాళ్ళు చదువుకున్నారు. కొందరు ఎగతాళిగా నాలుగు ఈలలు వేశారు. ఇలా జరగడం మాకు కొత్త కాదు.

సంగీతం మొదలయ్యాక ఆయన చెయ్యి నా మణికట్టు మీద పడింది. గట్టిగా పట్టుకున్నారు. పరీక్షంటే భయం కాబోలు అనుకున్నాను. మద్రాసు సంగతి నాకప్పటికి తెలియదు. ముందు వరసలో ఆయన భార్య రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఏం ప్రయోజనం? ఆయన అది చూడలేరు.

అది ఏడెనిమిదేళ్ళ కిందటి సినిమా. ఆ రోజుల్లో కొన్ని రంగుల్లో తీసేవాళ్ళు, కొన్ని ఇంకా నలుపు తెలుపులోనే తీసేవాళ్ళు. ఆయన అంతకు ముందు చూడనిది. హీరో మాత్రం ఆయనకు గొంతు తెలిసినవాడే. చీకటి హాల్లో ఆయన కళ్ళకు తెర అంటే కదిలే వెలుగు ఒక్కటే. ఇది నలుపు తెలుపు సినిమా అని మాలో ఎవ్వరం పైకి అనలేదు. కళ్ళున్నవాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే మాట కాదది.

వరండాలో జరిగింది మొదటే చెప్పాను. ఒక్కటే ప్రశ్న. ఆయన రెండోసారి “లేత నీలం” అన్నారు. చివరికి వర్తకుడే, ఎప్పుడూ నవ్వించే మనిషి, మెల్లగా అన్నాడు: “అన్నా, అది కలరు పడం కాదన్నా.”

జడ్జిగారు చేతులు తొడల మీద పెట్టుకున్నారు. “నీలమయితే సగం సినిమాల్లో తప్పు కాదని అన్నానండి,” అన్నారు. అది సంజాయిషీలా లేదు. ఒక లెక్క ఎక్కడ తప్పిందో తనకు తాను చెప్పుకుంటున్నట్టుంది.

సూపరింటెండెంటు గారు లేచారు. చెప్పుల్లో కాళ్ళు పెట్టబోతే దొరకలేదు, వంగి చేత్తో తీసుకున్నారు. లోపలి నుంచి జడ్జిగారి భార్య బయటికి వచ్చి ఆయన దారికి అడ్డంగా నిలబడింది.

“చీకట్లో ఉన్న సినిమా అడిగారు కదండీ మీరు. ఎండలో ఉన్న మ్యాపు అడగండి. రేపు రండి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి గియ్యమనండి. సినిమాలో ఓడిపోతే ఉద్యోగంలో ఓడిపోయినట్టాండీ?”

“పరీక్ష పెట్టమన్నది ఆయనేనమ్మా,” అన్నారు సూపరింటెండెంటు గారు.

“ఆయన భయపడి అన్నారండీ! భయపడినవాడు అడిగితే మీరెలా పెట్టారండీ?”

ఆయన “వస్తానమ్మా,” అని అవ్వకు చెప్పి వెళ్ళిపోయారు. ఆ రోజు మార్కులు వెయ్యలేదు. శనగలు అలాగే ఉండిపోయాయి.

ఆ ప్రశ్న కావాలనే వేసిన ఉచ్చు అని వర్తకుడు చాలాకాలం అన్నాడు. “రంగులేని పడంలో రంగు అడిగితే ఇంకేమి సార్ అది?” సూపరింటెండెంటు గారు మాత్రం నాతో ఒకసారి, బీచి రోడ్డు మీద కలిసినప్పుడు, వేరే మాట చెప్పారు. వదిలెయ్యాలనే తాను కూర్చున్నారట. అన్నింటికంటే తేలికైన ప్రశ్న ఏదా అని వెతికితే అది నోటికి వచ్చిందట. అడిగేశాక గానీ సినిమాలో రంగు లేదన్నది తనకే తట్టలేదట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన సముద్రం వైపు చూస్తున్నారు. నేను ఎన్నో విచారణలు, సాక్ష్యాలు విని రాసినవాణ్ణి. మనిషి నిజం చెబుతున్నాడో లేదో అంచనా వేయడం నా వృత్తిలో సగం పని. ఆయన మాట నేను సగమే నమ్మగలిగాను.

కాగితం కదిలింది. జడ్జిగారిని ఊళ్ళో పెద్దాసుపత్రికి పంపారు. వెలుతురు గదిలో అక్షరాల పటం చివరి వరస దాకా ఆయన చదివేశారట. అక్కడి డాక్టరు, మధ్య చూపు చక్కగా ఉంది, పగటిపూట బల్ల దగ్గర పని చేసుకోవచ్చు అని రాశారు. ఆఫీసు దాంతో తృప్తి పడక మద్రాసు పంపింది. అక్కడి డాక్టరు పక్కచూపు కొలిచి, ఇది రోజురోజుకూ తగ్గేదే, గీతలు గీసే పనికి ఇప్పుడే పనికిరారు అని రాశారు. రెండు అభిప్రాయాలూ ఒకే కట్టలో ఎదురెదురుగా చేరాయి. మూడో డాక్టరు చూడాలన్నారు. ఆ లోపల ఆయన్ని బల్ల దగ్గరికి రానివ్వలేదు. మొదట ఉన్న సెలవులన్నీ అయిపోయాయి. తర్వాత జీతం లేని సెలవు.

నేను కదిర్కామంలో ఉన్న వాళ్ళింటికి అప్పుడప్పుడు వెళ్ళేవాణ్ణి. మొదట్లో కిటికీ దగ్గర బల్ల వేసుకుని పాత పత్రికల వెనక గీతలు గీస్తూ కనిపించేవారు. నాకు చూపించేవారు. “చూడండి, ఎక్కడన్నా వంకర ఉందా? నిజం చెప్పండి, పరవాలేదు.” వంకర ఉండేది కాదు. కొన్నాళ్ళకు చూపించడం మానేశారు. ఆ తర్వాత గీయడం మానేశారు. చూపు తగ్గి మానేశారో, విసిగి మానేశారో అడగడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ పక్కింటి వాళ్ళ పిల్లలకు తెలుగు చెప్పడం మొదలుపెట్టింది. ఆదివారం సినిమాకు వాళ్ళు మళ్ళీ రాలేదు. సూపరింటెండెంటు గారూ రాలేదు. వరండాలో ఇంకెవరైనా తువాలు కప్పుకుంటారేమోనని అవ్వ అడిగింది. ఎవరూ ముందుకు రాలేదు. ఆ ఏడాది బహుమతులు ప్రకటించలేదు.

ఒకసారి జడ్జిగారే నాతో అన్నారు: “ఆ గీత నాదైతే నాకు తెలియాలి కదండీ. ఎంత ఆలోచించినా తెలవటం లేదు. మబ్బు రోజు గీశానేమో అనిపిస్తుంది. ఎండ రోజే గీశానేమో అని కూడా అనిపిస్తుంది.” ఆయన నా వైపు చూడడానికి ప్రయత్నించారు. చూపు నా భుజం దగ్గర ఆగింది.

ఎనభయ్యో దశకం మధ్యలో నాకు బదిలీ అయ్యింది. బయలుదేరే ముందు ఆ మ్యాపుల ఆఫీసులో విచారించాను. అరియాంకుప్పం అన్నదమ్ముల వ్యాజ్యం ఇంకా నడుస్తోంది. ఆ మ్యాపు మీద పనిచేసిన ఇద్దరిలో గీత ఎవరు గీశారన్నది విచారణలో తేలలేదు. మూడో డాక్టరు అభిప్రాయం అప్పటికి రాలేదు. అది వచ్చేదాకా డ్రాఫ్ట్స్‌మన్ గారు ఉద్యోగంలో ఉన్నట్టా లేనట్టా అని అడిగితే, అది చెప్పే అధికారం తమకు లేదని అక్కడి గుమాస్తా అన్నాడు.